పదిహేను చెట్లెత్తు

రాజోలు కాలేజీ గ్రౌండులో
సున్నంతో హెచ్ గీసింది నేనే.
బిందెలతో నీళ్ళు చల్లి దుమ్మణిచిందీ నేనే.
కూలి ఏడొందలు, మధ్యాహ్నం పులిహోర పొట్లం.
టిక్కెట్టు మూడు వేల ఐదొందలు, ఎనిమిది నిమిషాలకి.
ఈ రెండు లెక్కలూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవండి.

మూడో ట్రిప్పులో ఒక సీటు మిగిలింది.
బరువు ఒక పక్కకే ఒరిగిందన్నాడు పైలెట్టు.
కొబ్బరి కాటా మీద జనాన్ని తూస్తున్న కుర్రోడు
నన్ను పిలిచి నిలబెట్టాడు.
యాభై రెండు కేజీలు.
"సరిపోతాడు" అన్నారు.
ముప్ఫై ఏళ్ళు ఆ కాటా మీదకి బస్తాలెక్కించాను,
నేనెక్కడం అదే మొదలు.

పేరడిగితే చెప్పాను, గుత్తుల ఏడుకొండలండి.
పేరులో ఏడున్నాయి గానీ
మా సీమలో చూపించడానికి ఒక్క గుట్ట లేదు.
గోదారి మోసుకొచ్చి పరిచిన మట్టి,
నీళ్ళకి సైతం పడ్డానికి చోటుండదు.
ఎత్తంటే మాకు చెట్టే.

ముందు సీట్లో దంపతులు, పైఊరోళ్ళు.
ఆవిడ ఫోనులో ఏదో దీవి.
ఇలాంటి హెలికాప్టరే,
కింద కొండ నోరు తెరుచుకుని నిప్పు కక్కుతోంది,
పక్కనే ఆకాశం చిరిగినట్టు జలపాతం.
"అక్కడ గంటసేపు తిప్పారు. ఇక్కడేముందో మరి."
ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది.

నేల వదిలింది.
మోకు లేకుండా పైకెళ్ళడం ఎరగను,
కాళ్ళు రెండూ చెట్టుని వెతుక్కున్నాయి.
కింద
లక్ష చెట్లు, ఒక్కదానికీ మాను లేదు.
అన్నీ ఆకుపచ్చ చుక్కలు.
నా నడుం విరిచిన పొడుగంతా ఏమైపోయిందో!
పైనించి చూసేవాడికి పొడుగు కనపడదండి,
ఎక్కేవాడికే తెలుసు.

గన్నవరం అక్విడక్టు వచ్చింది,
ఏటి మీంచి కాలవ నడిచిపోవడం.
ఆవిడ ఫోను ఎండకి కనపడక తిప్పుకుంటోంది.
తర్వాత లాకులు.
తలుపు సందులోంచి మూడడుగుల నీళ్ళు దూకుతున్నాయి,
అదే మా జలపాతం.
దాని కింద వీపు పెట్టి
మా తమ్ముడు నూకరాజు ఊపిరాడక నవ్వేవాడు.
ఇక్కణ్ణించి గోరంత తెలుపు.

మలుపు తిరిగేచోట పాశర్లపూడి.
తొంభై అయిదులో ఆ బావి పేలినప్పుడు
అరవై అయిదు రోజులు మాకు రాత్రి రాలేదు.
ఎప్పుడు కూయాలో తెలీక కోళ్ళు మూగబోయాయి.
మా అమ్మ దీపం లేకుండా బియ్యంలో రాళ్ళేరింది.
గెలలు చెట్టునే ఉడికిపోయాయి.
చూడ్డానికి జనం బళ్ళు కట్టుకొచ్చారు,
మరమరాలమ్మేవాళ్ళూ వచ్చారు.
అబద్ధమెందుకు, నేనూ బోండాలమ్మాను.
నిప్పు చూస్తూ తాగి
చిల్లర వదిలేసి పోయేవారు.

ఇప్పుడక్కడ పచ్చలో లేతపచ్చ,
గుండ్రంగా, టీకా మచ్చలా.
నాకలా కనపడిందేమో.

"అమ్మగారూ, అదిగోండి" అని వేలెత్తాను.
చెవుల డిప్పల్లో నా మాట నాకే వినపడలేదు.
ఏ బొత్తం నొక్కాలో ఎవరూ చెప్పలేదు,
బరువుకి మాటెందుకని కాబోలు.
ఆవిడ నా వేలు చూసి నవ్వి
ఆ వేలు వైపు ఒక ఫోటో తీసింది.
దేన్ని తీసిందో తెలీదు.

దిగాం.
గేటు దగ్గర బోండాలు కొడుతున్న మా ధనకుమారి
కత్తి ఆపకుండా అడిగింది,
"ఎంతెత్తెళ్ళేవేటి?"
"పదిహేను చెట్లెత్తు."
"మరి కాయలేవి?" అంది.

హెచ్‌కి ఒక కాలు గాలికి చెరిగిపోయింది.
మళ్ళీ గీద్దామని సున్నం డబ్బా తీస్తుంటే గుర్తొచ్చింది,
లోపల ఎర్ర తివాచీ మీద
నా తెల్లటి అడుగులు రెండుండిపోయాయి.
తుడవమని చెబుదామని లేచేసరికి
అది లేచిపోయింది.

పొద్దుగూకే దాకా
నేను కింద గీతలు గీస్తూనే ఉన్నాను,
పైన నా పాదాలు తిరుగుతూనే ఉన్నాయి
ఎనిమిదేసి నిమిషాలు,
టిక్కెట్టు లేకుండా.